కొల్లేటి వర్ణనము - భోజ్యప్రమాణము

దేశాటనమునకు దోడ్పడు గ్రంథములు నేడు మిక్కిలిగ వెలువడుచున్నవి. వానిలో బెక్కింటికి నొకటే క్రమము. మొదట ప్రకృతివర్ణనము, పిదప ప్రాచీనచిహ్నముల వివరణము, తుదిపుటలలో నచ్చటి తినుబండముల పట్టిక. ఈ విభాగమును గ్రంథకర్తలు విచారించి యేర్పఱచుకొన్నట్లు తోపదు. ఆంగ్లేయ ప్రభుత్వకాలమున మండలములను గూర్చి వ్రాయబడిన వివరణగ్రంథములలో నదులకొక ప్రకరణము, సస్యములకొకటి, దేవాలయములకు మఱియొకటి యను పద్ధతి యేర్పడినది. 1878లో హెన్రీ మారిస్ గోదావరిమండలమును గూర్చియు, 1883లో గోర్డన్ మెకంజీ కృష్ణామండలమును గూర్చియు వ్రాసిన గ్రంథములు పాలకుల యవసరమునకు బుట్టినవి. శిస్తు విధించువానికి జేప వేఱు, మడుగు వేఱు, కోట వేఱు. ఒక్కొకదాని కొక లెక్క. ఆ లెక్కల పుస్తకముల క్రమమునే, లెక్కలను మాత్రము విడిచి, నేటి యాత్రాగ్రంథములు గైకొన్నవి.

యాత్రికుని యనుభవ మట్లుండదు. అతడు త్రాగిన నీరు, తిన్న కూడు, చూచిన గుడి యొకదానినొకటి వివరించుచుండును. అంతే కాదు. ఈ మూడింటిలో భోజ్యమే తక్కిన రెంటికిని బ్రమాణము. ఇచ్చట భోజ్యమనగా రుచి కాదు; ఆ పదార్థము ఏ నీట, ఏ మంటిలో, ఎవరిచేత, ఏ కాలమునుండి పుట్టుచున్నదను వృత్తాంతము. శాసనమును జదువువాడు లిపిని, తిథిని, దాతను బరీక్షించి కూటశాసనమును ద్రోసిపుచ్చునట్లే కంచములోని పదార్థమును గూడ బరీక్షింపవచ్చును. ఆ పరీక్షకు గొల్లేటిసీమ మిక్కిలి యనువైనది. ఏలయన నచ్చట మంచి శాసనములును గలవు, కూటశాసనములును గలవు.

భోజ్యమునుబట్టి దేశమును నిర్ణయించుట తెలుగువారికి గ్రొత్త గాదు. శ్రీనాథుని పేర జెల్లుచున్న చాటువులలో బలనాటి జొన్నకూటిని గూర్చిన యాక్షేపములు పండితులెఱిగినవే. అవి యాతనివే యనుటకు దృఢప్రమాణము లేదనువారు గలరు. ఎవ్వరివైన నేమి, వరియన్నమునకు మరిగినవాడొకడు మెట్టసీమను గూటిలో జూచెను. ఆతని విసువు మాటున బలనాటి నేలయు, నీటి కొఱతయు, పంటయు జదువరికి దెలియవచ్చినవి. క్రీడాభిరామమున మంచనశర్మయు టిట్టిభసెట్టియు నోరుగంటి వీధులు దిరుగుచు దేవతాగృహములను, వీరగాథలు పాడువారిని, కోడిపందెములను జూతురు. నడుమ బూటకూటియింట రూక యిచ్చి భుజింతురు. ఆ భోజనము కావ్యమునకు దుదిని దగిలించిన పట్టిక కాదు. నగరము దిరిగి యలసినవారి కాకలియైనపుడు వచ్చినది. అది లేకున్న నోరుగంటిలో వెలలెట్లుండెనో, బాటసారికి నెట్టి యాదరము దొరకెనో తెలియదు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వానకాలమున నొకరీతిని, వేసవిలో నొకరీతిని, చలికాలమున మఱియొకరీతిని నతిథులకు వడ్డించును. ఋతువర్ణనమును భోజ్యవర్ణనమును నచ్చట వేఱుచేయుట యెవ్వరితరమును గాదు. కాశిలో భిక్ష దొరకక వ్యాసుడా నగరమునే శపింపబూనెనని శ్రీనాథుని కావ్యములు చెప్పుచున్నవి. మోక్షపురి యైన నేమి, ఆకొన్నవాని తీర్పు వేఱు.

వచనమున నీ మార్గమును స్థిరపఱచినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన 1830 మే 18వ తేదీన జెన్నపట్టణమునుండి బయలుదేఱి 1831 సెప్టెంబరు 3వ తేదీకి మరల నచ్చటికి జేరెను. కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి జాబుల రూపమున బంపిన యా దినచర్య 1838లో కాశీయాత్రచరిత్ర యను పేర నచ్చయ్యెను. దిగవల్లి వేంకటశివరావుగారు 1941లో దానిని మరల బ్రకటించిరి. మజిలీ మజిలీకి దిగుటకు దావున్నదా, నీరు మంచిదా, పదార్థములు దొరకునా యని యాయన వ్రాయుచు బోయెను. ఆ పంక్తులు నీరసములని యాక్షేపించుట సులభము. అవి లేనిచో నా గ్రంథము క్షేత్రముల జాబితాగా మిగిలియుండెడిది.

ఇట్టి మార్గము గలిగియుండియు గొల్లేటి విషయమున దానిని దెలుగు రచన యేల విడిచెనో విచారింపదగినది.

కొలను, ఏఱు అను రెండు పదముల కూడికగా నీ నామమును వివరింతురు. (ఏఱు శకటరేఫము గలదియే, ఈ పేరున మాత్రము లోకము సాధురేఫమును నిలిపినది. వ్యాకర్తలు లోకమునకు లోబడక తప్పదు.) క్రీ. శ. 634 నాటి ఐహోళె శాసనమున రవికీర్తి తన ప్రభువగు రెండవ పులకేశి జయములను జెప్పుచు గునాలజలమును వర్ణించెను. చచ్చినవారి నెత్తుటిచే నా నీటి రంగు మాఱెనని యాతని తాత్పర్యము. దానిని గొల్లేరుగా గుర్తించినవాడు కీల్‌హార్న్ పండితుడు. సముద్రగుప్తుని ప్రయాగప్రశస్తిలోని కౌరాళక మంటరాజునుగూడ నాతడీ సరస్సునకే చేర్చెను. కాని యదే ప్రశస్తిలో వేంగీపతియగు హస్తివర్మ వేఱుగా బేర్కొనబడియున్నాడు. వేంగికి గూతవేటు దూరమున నున్న సరస్సునకు వేఱొక రాజేల యని తరువాతి చరిత్రకారులు చేసిన యాక్షేపణ బలమైనది. చోళశాసనములలో విక్రమచోళుడు కులమునేలు తెలుగుభీముని జయించెనని యుండుటయు, ఆ కులము కొలనేయనుటయు బ్రసిద్ధము. కొలను కొలనువీడై, సరసీపురమై, ప్రభువుల యింటిపేరై నిలిచినది. ఇన్నిచోట్ల సరస్సు పేరు గలదు. సరస్సుచే బ్రతుకువారి ప్రసంగమొక్కచోటను లేదు.

ఒక్క దండియే భేదించెను. దశకుమారచరితమున మంత్రగుప్తుని కథ యోష్ఠ్యవర్ణములు లేకుండ జెప్పబడినదని యెల్లరెఱుగుదురు. ప్రియురాలి దంతక్షతముచే నొచ్చిన పెదవి యందులకు గారణముగా గల్పితము. ఆ కథలో నాంధ్రనగరమును, దాని చేరువ సముద్రమును బోలు నొక సరస్సును గలవు. నగరమును వేంగిగను, సరస్సును గొల్లేరుగను బెక్కుమంది తలచిరి. సరస్సును వర్ణించునపుడు దండియు హంసలనే చెప్పెను, పద్మములనే చెప్పెను, అది కవిసమయము. కాని కపటతాపసుడు రాజును నీట ముంచి చంపవలసిన ఘట్టము వచ్చునప్పటికి హంసలవలన బని జరుగదయ్యెను. రాజునకు నమ్మకము గలుగుటకై వలకాండ్రచే నీటిని వెదకింపవలసివచ్చినది. వర్ణనమునకు రానివారు కథకు రాక తప్పలేదు. 13వ శతాబ్దమున మూలఘటిక కేతన యీ కావ్యమును దెనిగించి తిక్కనకు గృతియిచ్చెను. తరువాతి తెలుగు ప్రబంధముల సరోవరములు దండి హంసలను గైకొన్నవి, వలకాండ్రను విడిచినవి. కవులు మీనమును గన్నులకు బోల్చిరి గాని కంచమున బెట్టలేదు.

ఇక కంచము చెప్పు సాక్ష్యము. కొల్లేటి లంకలలోని పెద్దలు ప్రీతితో బేరెత్తు చేపలు కొర్రమేను, మార్పు, ఇంగిలాయి. ఈ మూడింటికి నొక సామాన్యధర్మము గలదు. ఇవి నీటిలోని ప్రాణవాయువుతోనే గాక పైగాలిని బీల్చియు బ్రతుకగలవు. నీరింకి బురదయైనచోటను గొంతకాల మోర్చుకొనగలవు. అట్టి చేపలు సమృద్ధిగ బెరుగు మడుగు లోతు లేనిదనియు, గడ్డితోను దూటితోను గప్పబడినదనియు, వానలలో నుబ్బి వేసవిలో నింకునదనియు గంచము జూచియే చెప్పవచ్చును. ప్రకృతిశాస్త్రజ్ఞుడు చెప్పునదియు నదియే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు వాగులు కృష్ణాగోదావరుల నడుమ బల్లమునకు నీరు తెచ్చును. ఉప్పుటేరు దానిని సముద్రమునకు గొనిపోవును. నీటిమట్ట మైదడుగుల గుఱుతు నంటినప్పుడు సరస్సు 308 చదరపు కిలోమీటర్లు. పదియడుగుల గుఱుతు నంటినప్పుడు 901. యాత్రాగ్రంథములలో నొకటి మొదటి యంకెను, మఱియొకటి రెండవదానిని ముద్రించుచున్నవి. రెంటిని జదివినవాడు వీనిలో నేది తప్పో యని తికమకపడును. రెండును నిజములే. కొర్రమేనును గూర్చి నాలుగు పంక్తులు వ్రాసిన గ్రంథకర్తకు నీ రెండంకెలును నొక్కచోట నిమిడియుండెడివి.

అంతులేనిదానిని గొల్లేటి చాంతాడనుట తెలుగున నానుడి. దీనికర్థము మిక్కిలి పొడవైనదని వ్రాసి పుస్తకములు తృప్తిపడుచున్నవి. చాంతాడు బావికి గావలసినది. నీటినడుమ నుండువానికి బావి యేల, చాంతా డేల యని యడిగినవారు లేరు. వేసవిని లంకగ్రామములలో ద్రాగునీటికి బడు పాటు నెఱిగినవానికి నా ప్రశ్న తోచకపోదు. కనుచూపుమేర నీరుండియు గుక్కెడు నీటికై దూరము వోవుట యచ్చటి స్త్రీల కనుభవసిద్ధము. నానుడులును భోజ్యవర్గములోనివే.

అన్నమును గూర్చిన పొరపాటు చేపను గూర్చినదానికన్న బెద్దది. తాడేపల్లిగూడెమునుండి యేలూరివఱకు గనబడు వరిచేలను జూచి, వేంగీదేశ మనాదిగా వరికి బుట్టినిల్లని వ్రాయుట పరిపాటియైనది. తూర్పుచాళుక్యుల తామ్రశాసనములు వేఱుమాట చెప్పుచున్నవి. దానమిచ్చిన పొలమునకు గొలత, ఇన్ని ఖండికల కోద్రవబీజము చల్లదగిన క్షేత్రమని వానిలో బలుమాఱు వచ్చును. కోద్రవములనగా నారికలు, మెట్టపంట. నేలను గొలుచుటకే యారికగింజ ప్రమాణమైన దేశమున నా పంట యెంత సామాన్యమై యుండవలెను! నేడు కనులకు బండువగు పచ్చదనము 1852లో ముగిసిన ధవళేశ్వరపు టానకట్టతోడను, దాని కాలువలతోడను విస్తరించినది. తాడేపల్లిగూడెముమీదుగా నేలూరికి బోవు కాలువయు నా కల్పనలోనిదే. కాలువనీటికి ముందు వరి లేదని కాదు. చెఱువులక్రింద, ఏటియొడ్డుల నుండెను. సీమ యంతయు వరిమయ మగుట మాత్రము నూటడెబ్బదియేండ్ల వృత్తాంతము. దానిని వేంగీరాజుల కాలమునకు బంపినవాడు తన కంచములోని యన్నమునకు దప్పుతిథి వేసినవాడు. లిపిపరీక్షలో నింతటి ప్రమాదమును బండితులు సహింపరు.

కొల్లేటికోటను గూర్చిన గాథయు నీ దృష్టితో జదువదగినదే. లాంగూల్య గజపతి కోట సరస్సునడుమ నుండగా, చిగురుకోటకడ విడిసిన శత్రుసేనాని కోటను ముట్టలేక నీటిని సముద్రమునకు దీయుటకై కాలువ త్రవ్వించెననియు, పని సఫలమగుటకై కన్నకూతునే బలియిచ్చెననియు, అందుచే నా చోటికి బేరంటాల కనుమ యను పేరు వచ్చెననియు జెప్పుదురు. యాత్రాగ్రంథములు దీనిని గరుణరసమునకై యెత్తివ్రాయును. ఉప్పుటేటిని మనుష్యులు త్రవ్వించిరా యను శంకయు నప్పుడప్పుడు లేవదీయును. గాథలోని ముఖ్యాంశ మా రెండును గావు. సరస్సు నడుమనున్నవానిని గెలువవలెనన్న గత్తితో బనిలేదు, నీటిని దీసివేసిన జాలునను తెలివి యందున్నది. అట్టి తెలివి సభలో గూర్చుండి కథ కట్టినవానికి రాదు. సరస్సులో జేపలుపట్టు వడ్డివారు తాము గజపతిసేనలతో నోఢ్రదేశమునుండి వచ్చినవారి సంతతి యని చెప్పుకొందురు. కోటలోనివారి మనుమలు నేడును దాటిమ్రాని తొలిచిన దోనెలతోడను వెదురు మావులతోడను జీవించినవారే యైనచో, గాథయు వృత్తియు నొకే యింటివని చెప్పక తప్పదు. కొల్లేటికోటలో వెలసిన పెద్దింట్లమ్మకు ఫాల్గుణమాసమున నుత్సవము జరుగును. వానలు వెనుకబడి, నీరు తగ్గి, చేప చేతికందు కాల మది. పంచాంగమును మాత్రము చూచువానికి నది యొక తిథి; మడుగును జూచువానికి నది పంటకాలము.

గ్రామనామములు గూడ నీ కథనే చెప్పును. గుడివాకలంక, ప్రత్తికోళ్ళలంక, నందిగామలంక యను లంకలు. ఒడ్డున శృంగవరప్పాడు, పైడిచింతపాడు వంటి పాడులు. లంకయనగా సముద్రముదాటిన రావణనగరమని మాత్రమే యెఱిగిన బాలురకు బాఠశాలలో నీ పేళ్లు చూపి బోధించుట మేలు.

పెదవేగిలోని శాలంకాయనుల నాటి దిబ్బలను, గుంటుపల్లి బౌద్ధగుహలను గూర్చి యాత్రాగ్రంథములు చెప్పవలసినంత చెప్పుచున్నవి. కాలనిర్ణయములును సాధారణముగా సరిగానే యుండును. ఏలూరి ఉన్నితివాచీలను గూర్చియు నంతే. ఆ భాగమున నాక్షేపింపవలసినది స్వల్పము. గుంటుపల్లి కొండమీద వానకాలము గడపిన భిక్షువులకు భిక్ష యే గ్రామములనుండి వచ్చెనని యడిగినచో గుహల చుట్టునున్న సీమ మఱికొంత విశదమగుననుట మాత్రము చాలును.

ఆక్షేపింపవలసినది వేఱొకటి గలదు. నేటి యాత్రాగ్రంథముల కొల్లేటిప్రకరణములలో మొదటిపుట హంసలతోను దామరలతోను నిండియుండును. తుదిపుటలో గొల్లేటి చేపలపులుసు ప్రశంసింపబడును. ఆ పులుసులోని చేప యేది? తఱచుగా నది బొచ్చె, లేక శీలావతి, లేక యెఱ్ఱమోసు. ఈ మూడును జెఱువులలో మేతవేసి పెంచు చేపలు. మంచులో బెట్టి లారీలమీద వంగదేశమువఱకు బంపబడుచున్నవి. ఆ చెఱువులెక్కడివి? సరస్సుగర్భమున గట్లుపోసి కట్టినవి. 1970వ దశకమున బేదజాలరుల సహకారసంఘముల మేలునకని ప్రభుత్వము చెఱువుల త్రవ్వకమునకు దోడ్పడెను. పిదప ధనవంతులు గౌలుకు గొని విస్తరింపజేసిరి. ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు జెందిన కాకాని నాగేశ్వరరావు ప్రభృతులు ఉపగ్రహచిత్రములను బరీక్షించి 2004లో బ్రకటించిన వ్యాసమునుబట్టి, 2001 నాటికి సరస్సులో నూటికి నలువదిరెండు పాళ్ళు చేపలచెఱువులే. 1999లో నది వన్యప్రాణిరక్షణస్థానమైనది. 2002లో రామ్‌సర్ సంధిపత్రమునుబట్టి ప్రపంచమునందలి ముఖ్యజలభూములలో జేర్చబడినది. 2005-06లో న్యాయస్థానపు టాజ్ఞచే బెక్కుచెఱువుల గట్లు తెగగొట్టబడినవి. తరువాత గొన్ని మరల వెలసినవి. ఈ వృత్తాంతమంతయు నా పులుసులో నున్నది. దానిని గొల్లేటి రుచియని మాత్రము వ్రాసినవాడు కూటశాసనమును జదివి దాతను గీర్తించినవాడు. కొల్లేటి నాక్రమించిన చెఱువు చేపకు గొల్లేటి పేరు పెట్టుట, ఇల్లు గొన్నవాడు పాతయజమాని పేరును దలుపుమీద నుంచికొనుట వంటిది.

చెఱువులవారిని నిందించుటకు గాదు ఈ మాట. వానిమీద బ్రతుకు కూలివారు వేలు, మేతచేపయు నాహారమే. విమర్శకు విషయ మా చేప కాదు, ఆ చేపనుగూర్చిన వాక్యము. పులుసును బ్రశంసించిన వాక్యమును, ప్రాచీనసరస్సును బ్రశంసించిన వాక్యమును నొకే గ్రంథమున నుండి, ఒకటి రెండవదానిని మ్రింగుచున్నదని గ్రంథకర్త యెఱుగకుండుట రచనాదోషము. మూడు ప్రకరణముల విభాగమే యందులకు గారణము. ప్రకృతి మొదటిపుటలో ముగిసినది. భోజ్యము తుదిపుటలో మొదలైనది. నడుమనున్న యిన్నూఱుపుటలు రెంటిని గలియనీయలేదు. గుఱ్ఱపుడెక్కను గూర్చిన పంక్తులు గూడ నిట్టివే. దాని యూదాపూలగుత్తులను సరస్సున కలంకారముగా వర్ణించిన పుస్తకములు గలవు. అది దక్షిణామెరికానుండి వచ్చిన మొక్క. కాలువలను మూసి, నీటికి గాలి తగులనీయక చేపలను జంపును. పుష్పమైన జాలును, బద్మముతో సమానమని తలచుట ప్రబంధవాసన.

భోజ్యమును మొదటిపుటకు దెచ్చుటకు బండితులలో సంకోచము గలవారుందురు. శాకాహారనియమము గలవారికి మత్స్యప్రసంగము రుచింపదు. వారు బోధించు పాఠశాలలలో నీ విషయమెట్లు చెప్పవచ్చునని యడుగుదురు. తినుటకును దెలియుటకును భేదము గలదు. వైద్యగ్రంథములు మత్స్యగుణములను జెప్పినవి. ఆ గ్రంథములను జదివిన పండితుల యాచార మందుచే జెడలేదు. భోజ్యము హీనవిషయము, కావ్యగౌరవమునకు దగదనుట రెండవ సంకోచము. దానికి గ్రీడాభిరామమును విష్ణుచిత్తుని పంక్తియు జాలిన సమాధానము. మూడవది కొంత బలమైనది: యాత్రాగ్రంథము చదువువాడు రెండుదినములకై వచ్చువాడు, వానికి శిస్తుల చరిత్రయు న్యాయస్థానపు టాజ్ఞలును నేల? నిజమే. ఆతనికి రెండుపుటలు చాలును. కాని యా రెండుపుటలలో నబద్ధముండరాదు. వీరాస్వామయ్య యొక్క మజిలీని గూర్చి నాలుగే వాక్యములు వ్రాసినచోట్లను మోసపుచ్చలేదు.

ఇటీవలి తెలుగు రచనలలో నక్కినేని కుటుంబరావుగారి కొల్లేటి జాడలు (2014) యాత్రాగ్రంథము గాదు, నవల. అయినను జెఱువులు రాకముందు సరస్సుతో గలిసి యొక గ్రామము బ్రతికిన తీరును దెలియగోరువానికి మార్గదర్శినులకన్న నదియే మేలు. అందు నీరు, చేప, పంట, పక్షి, మనుష్యుల పట్టింపులు ప్రకరణములుగా విడిపోవు. కథలో స్మృతిమాధుర్య మచ్చటచ్చట నెక్కువైనదనువారి మాట త్రోసివేయదగినది కాదు. పోయినదానిని దలచు రచనకు నది సహజదోషము. సాక్ష్యముగా మాత్రము దాని విలువ తగ్గదు.

పక్షులను గూర్చిన భాగముతో నీ పరీక్ష ముగియును. ఏలయన గొల్లేటికి వచ్చు యాత్రికులలో బెక్కుమంది పక్షులకొఱకే వత్తురు. గూడబాతు తినునది చేప. అది యుండుట చేప యున్నదనుటకు సాక్ష్యము. దాని భోజ్యము మాఱినచో దాని చరిత్రయు మాఱును. పశ్చిమగోదావరిమండలములోని ఆరేడు గ్రామమున నీ పక్షులు గూళ్ళుపెట్టు తావును గూర్చి కె. కె. నీలకంఠన్‌గారు 1949లో బొంబాయి ప్రకృతివిజ్ఞానసంఘ పత్రికయందు బ్రకటించిరి. 1975 ప్రాంతమున నా గుంపు కనబడకపోయినది. నేడు యాత్రికులు చూచునది కైకలూరి చేరువ నాటపాకలోని గుంపు. అచ్చట గట్లనడుమ నిలిచిన నీటిలో, గూళ్ళకు జెట్లు చాలక, అటవీశాఖవారు నిలిపిన యినుపమంచెలమీద గూడబాతులు గూళ్ళు పెట్టుచున్నవి. మేతకు జుట్టునున్న చెఱువులమీదికి బోవుచున్నవి. వాని కంచములోను మేతచేపయే. మార్గదర్శినులు ఆటపాకను బక్షుల స్వర్గమని వ్రాసి, మంచెలు కనబడకుండ ఛాయాచిత్రమును గత్తిరించి ముద్రించుచున్నవి.